డ్రమ్ము మీద నాన్న

మా నాన్న ఎప్పుడూ ముందు నడుస్తాడు, అమ్మ వెనకాల నడుస్తుంది. ఇద్దరి మధ్యా ఒక రిక్షా సులువుగా దూరిపోయేంత ఖాళీ ఉంటుంది. గోల్ బజార్‌కి కూరలకి వెళ్లినా అంతే, గుడికి వెళ్లినా అంతే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మా తెలుగు మగాళ్లు చాలామంది ఇలాగే నడుస్తారు. సైరన్ ఆగేలోపు గేటు దాటకపోతే హాజరు పోయేది కాబట్టి, ఎవరి కోసమూ ఆగని నడక ఒంటికి పట్టేసిందని వాళ్ల వాదన. డ్యూటీ రోజుల్లో అంటే ఒప్పుకుంటాను. రిటైరై, ఝపటాపూర్‌లో సొంత ఇల్లు కట్టుకుని, వంకాయలు కొనడానికి బయల్దేరిన మనిషిని ఏ సైరన్ తరుముతోందో నాకు అర్థం కాదు. ఒకసారి అడిగితే, "మీ యమ్మది నత్త నడకే. దానికోసం ఆగితే సంత ఎత్తేస్తారు," అన్నాడు.

ఆయన దగ్గర ఒక కథ ఉంది. నలుగురు చుట్టాలు చేరితే చాలు, అది బయటికొస్తుంది. నాకు ఆరేళ్లప్పుడు మా పిన్ని పెళ్లికి పలాస బయల్దేరాం. రైలెక్కాక అమ్మ మంచినీళ్లకని మళ్లీ ప్లాట్‌ఫారం మీదకి దిగింది. కుళాయి దగ్గర జనం మూగి ఉన్నారు. ఇంతలో బండి కదిలింది. అమ్మ మరచెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా ఊరి ప్లాట్‌ఫారం చాలా పొడవైనది, కాబట్టి ఆ పరుగు కూడా చాలాసేపు సాగింది. నాన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. "ఎనకాల బండిలో రాయే!" అని అరిచి లోపలికొచ్చి కూర్చున్నాడు.

కథ చెప్పేటప్పుడు ఇక్కడ కాస్త ఊపిరి తీసుకుంటాడు. "సూస్తే ఏటున్నాది? పక్క సీటు కాళీ! కాళ్లు సాపుకుని పలాస దాకా తొంగున్నాను!" అంటాడు. అందరూ పగలబడి నవ్వుతారు. వడ్డిస్తున్న అమ్మ కూడా నవ్వుతుంది.

ఆయన చెప్పని భాగం నేను చెబుతాను. టికెట్లూ, ఇంటి తాళం చెవీ ఆయన జేబులోనే ఉన్నాయి. అమ్మ స్టేషన్ నుంచి క్వార్టర్స్‌కి ఒక్కతే నడిచి వెళ్లి, తాళం వేసిన తన ఇంటి పక్కనే, పొరుగువాళ్ల అరుగు మీద కూర్చుంది. మర్నాడు వాళ్లే రైలెక్కించారు. పలాస చేరేసరికి పిన్ని అత్తారింటికి వెళ్లిపోయింది. సొంత చెల్లెలి మెడలో తాళి పడటం అమ్మ చూడలేదు. నాన్న ఈ కథ మొట్టమొదటిసారి చెప్పింది ఆ పెళ్లి భోజనాల దగ్గరే. ఆయన పక్క విస్తరి నాది. అమ్మ కావాలని నేను ఏడుస్తుంటే నా నోట్లో లడ్డూ కుక్కి మరీ చెప్పాడు.

ఇక గుర్రాల సంగతి. నాలుగైదేళ్ల కిందట మా ఊరి చివర పొలాల్లో ఒక మైదానం వెలిసింది. విదేశంలో చాలా ఏళ్లు గుర్రాలు చూసుకునే పని చేసి తిరిగొచ్చిన బెంగాలీ ఆయన దాన్ని నడుపుతాడు. అందరూ ఆయన్ని దాదా అంటారు. కౌబాయ్ సినిమాల్లో పశువులు కాసేవాళ్లు పెట్టుకునేలాంటి వెడల్పు టోపీ, ముందువైపు పట్టుకోవడానికి కొమ్ము ఉన్న బరువైన తోలు జీన్లు, ఒంటిచేత్తో పగ్గం పట్టే పద్ధతి, అంతా ఆ దేశం వ్యవహారమే. గుర్రాలు మాత్రం ఇక్కడివే. చలికాలంలో ఒక ఆదివారం ఆటల పోటీ పెడతాడు. మూడు డ్రమ్ముల చుట్టూ తిరిగి రావడం, పాతిన కర్రల మధ్య మెలికలు తిరగడం, చెంచాలో నిమ్మకాయ పడకుండా స్వారీ చెయ్యడం, బకెట్లో జెండా పీక్కుని రావడం. బడిపిల్లల నుంచి తాతల దాకా వయసువారీగా అందరూ ఆడొచ్చు. చిన్నపిల్లల గుర్రాన్ని తాడు పట్టి నడిపిస్తారు. అరవై దాటినవాళ్లకి దౌడు లేదు, పెద్ద నడక వరకే.

డాక్టరు నాన్నని ఒళ్లు కదిలించమన్నాడు. పార్కులో నడవమని ఆయన ఉద్దేశం. మా నాన్న గుర్రమెక్కాడు. వర్క్‌షాపులో పది టన్నుల చక్రాలు కదిలించిన మనిషిని, గుర్రం ఒక లెక్కా అని ఝపటాపూర్ అంతా వినిపించేలా చెప్పాడు. టోపీ కొనుక్కున్నాడు. ఆ టోపీ పెట్టుకునే టీ కొట్టుకి వెళ్లేవాడు. నేను ఊళ్లోనే ఇందా పేటలో ఉంటాను, బడిలో పాఠాలు చెబుతాను. మా హెడ్‌మాస్టరు కూడా, "మీ నాన్నగారు టోపీలో కనబడ్డారు," అన్నాడంటే మీరే అర్థం చేసుకోండి.

ముసలివాళ్ల పోటీల్లో బాగా పేరున్నది జంట పందెం. మైదానం అవతలి కొసన ఒక ఖాళీ నూనె డ్రమ్ము బోర్లించి ఉంటుంది. జంటలో ఒకరు దాని మీద నిలబడతారు. రెండోవారు గుర్రం మీద వెళ్లి, డ్రమ్ము పక్కన ఆపి, నిలబడ్డ మనిషిని వెనకాల ఎక్కించుకుని, బయల్దేరిన గీత దగ్గరికి తిరిగి రావాలి. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుని ఇంకో చుట్టు ఆడాలి. మొగుడూ పెళ్లాలైతే జనం ఎక్కువ ఈలలు వేస్తారు. నాన్నకి ఈలలు కావాలి. అందుకని అమ్మని కూడా లాక్కెళ్లాడు.

"నాను ఎక్కను గాక ఎక్కను," అంది అమ్మ మొదటిరోజు. లిఫ్టు ఎక్కడానికే దేవుణ్ణి తలుచుకునే మనిషి. నా పాత సల్వార్ కమీజ్ వేసుకుని, సిగ్గుతో చచ్చిపోతూ, ముక్కాలిపీట మీద నుంచి ఎక్కింది. నెల తిరక్కుండా ఆమె ఆ మైదానానికి నాన్న కంటే ముందు వెళ్లడం మొదలుపెట్టింది. ఆమెకిచ్చింది ఒక ముసలి తెల్ల ఆడగుర్రం. అంతకుముందు అది పెళ్లి ఊరేగింపుల్లో వరుళ్లని మోసేది. బారాత్‌లో నాలుగడుగులు వేస్తే డాన్సుకి ఆగాలి, మళ్లీ నాలుగడుగులు, మళ్లీ ఆగాలి. అందుకని ఆ గుర్రానికి పగ్గం కాస్త తగిలితే చాలు, పాతేసినట్టు ఆగిపోతుంది. పరుగు రాదు కానీ, ఆగడంలో దాన్ని మించింది లేదు.

"సూసినావా, ఎంత బుద్దిగా ఆగతాదో," అని అమ్మ నాకు ఆపించి చూపించేది. మళ్లీ నడిపించి మళ్లీ ఆపేది. ఆవిడ మొహంలో అలాంటి గర్వం నేను పదో తరగతి పాసైనప్పుడు కూడా చూడలేదు. రోజూ కొంగులో బెల్లం ముక్క కట్టుకెళ్లేది. సల్వార్ మీద కొంగేమిటని అడక్కండి, దుపట్టాకే ముడి వేసేది.

జంట పందెంలో వాళ్లిద్దరికీ ఆ గుర్రమే ఇచ్చాడు దాదా. ఇద్దరూ బక్కపల్చటి మనుషులే కాబట్టి ఒకేసారి మోయగలదన్నాడు.

పోటీకి ముందురోజు అమ్మ నాన్న ముందు నిలబడి, "ఒక్కటడగతానండి. డ్రమ్ము కాడ ఆగాల. నాను ఎక్కేదాకా ఆగాల," అంది.

"గుర్రమే ఆగిపోతాది కదేటే. నాదేటున్నాది?" అన్నాడు నాన్న, టోపీ దులుపుకుంటూ.

"గుర్రం సంగతి నాకు తెలుసు. మీ సంగతే అడగతన్నాను."

"ఒట్టు. ఆగతాను. సాలా?"

నాన్న అటు వెళ్లాక నేను నవ్వి, ఆటకి కూడా ఒట్లేమిటమ్మా అన్నాను. ఆవిడ నవ్వలేదు. "మనోళ్లందరికీ నన్ను గురించి తెలిసింది ఆ రైలు కతొకటే. రేపు అందరూ వస్తారు. అందరూ సూస్తండగా ఒక్కపాలి ఆయన ఆగితే, ఇకనుండి ఈ కత సెప్పుకుంటారు. ఆ కత పోతాది," అంది. అన్నేళ్లు నవ్వుతూ వడ్డించిన మనిషి లోపల ఇంత పెట్టుకుందని నాకు తెలియదు.

ఆ ఆదివారం మైదానం నిండిపోయింది. ఝపటాపూర్ తెలుగువాళ్లు కుటుంబాలతో సహా దిగారు. నాన్న వర్క్‌షాపు స్నేహితులు ముందువరసలో కుర్చీలు ఆక్రమించారు. ఇందా నుంచి బెంగాలీలు, ప్రేమ్ బజార్ నుంచి సైకిళ్ల మీద కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. మరమరాల ముఢీ, ఆలూ చాప్ అమ్మేవాడికి చేతులు ఖాళీ లేవు. నేను పొద్దున ఆడవాళ్ల నిమ్మకాయ పందెంలో దిగి మూడో అడుగులోనే నిమ్మకాయ పారేసుకున్నాను. ఆ తర్వాత నీళ్ల సీసా పట్టుకుని, డ్రమ్ము ఉన్న కొసన తాడు దగ్గర నిలబడ్డాను.

మొదటి చుట్టులో నాన్న స్వారీ, అమ్మ డ్రమ్ము మీద. మైదానం మనిషి ముక్కాలిపీట వేసి అమ్మని ఎక్కించి, గుర్రం కాళ్లకి తగలకుండా పీట తీసేసి తాడు ఇవతలికి వచ్చేశాడు. డ్రమ్ము మీద నిలబడ్డ అమ్మ చాలా చిన్నదిగా కనబడింది. కాళ్లు దగ్గరపెట్టుకుని, చెయ్యి ముందే చాపేసింది. నాన్న ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు.

ఆయన వచ్చాడు. గుర్రం డ్రమ్ముని చూసి, అలవాటుకొద్దీ తనంతట తనే నెమ్మదించింది. అది నేను కళ్లారా చూశాను. ఆగబోతున్న గుర్రాన్ని ఆయన మడమలతో పొడిచాడు. అమ్మ వేళ్లు ఆయన భుజానికి తగిలి జారాయి. దాటేశాక ఆయన వెనక్కి తిరిగి, టోపీ ఎత్తి, మైదానమంతా మోగేలా, "ఎనకాల బండిలో రాయే!" అని అరిచాడు.

తెలుగు కుర్చీలు ఒక్కసారి గొల్లుమన్నాయి. షాపు స్నేహితులు తొడలు చరుచుకున్నారు. పక్కనున్న బెంగాలీలు "కీ బోల్లో, కీ బోల్లో" అని అడిగారు, ఏమన్నాడని. ఎవరో రైలు కథ హిందీలో చెప్పారు. వాళ్లూ నవ్వడం మొదలుపెట్టారు. కుర్రాళ్ల దాకా వెళ్లేసరికి మూడోసారి నవ్వు లేచింది. అంతసేపూ అమ్మ డ్రమ్ము మీదే ఉంది. ఆవిడ కూడా నవ్వింది. వడ్డించేటప్పుడు నవ్వే నవ్వే అది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్షణంలో నాన్న గుర్రం మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకోవాలని కోరుకున్నాను. ఇప్పటికీ ఆ కోరికని వెనక్కి తీసుకోను.

పీట వేసి అమ్మని దింపారు. నాన్న గుర్రం దిగి ఆయాసంతో నవ్వుతూ వచ్చాడు.

"కోపమేటే? సూడు, ఎంతమంది నవ్వినారో!"

"నవ్వినారండి," అంది అమ్మ. నా చేతిలో సీసా తీసుకుని నాలుగు గుక్కలు తాగింది. "ఇప్పుడు నా పాలి కదా. మీరు ఎక్కండి."

మామూలుగా అయితే మొదటి చుట్టు తప్పినవాళ్లు ఔటే. అరవై దాటినవాళ్లకి ఔట్ లేదని దాదా నియమం, ఇద్దరూ ఆడి తీరాలి. నాన్న పీట మీద నుంచి డ్రమ్ము ఎక్కాడు. మోకాళ్లు అరిగిన మనిషి కాబట్టి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. పీట తీసేశారు. ఆయన షాపు స్నేహితుల వైపు చెయ్యి ఊపాడు. వాళ్లు ఈలలు వేశారు.

అమ్మ బయల్దేరింది. ఒంటిచేత్తో పగ్గం, రెండో చెయ్యి తొడ మీద. నిటారుగా కూర్చుంది. ఆ గుర్రాన్ని అంత చక్కగా నడిపించడం నేను అంతకుముందు చూడలేదు. డ్రమ్ము దగ్గరికొచ్చి పగ్గం తగిలించింది. గుర్రం చటుక్కున ఆగిపోయింది. డ్రమ్ముకి చెయ్యి అందనంత దూరంలో.

"ఇంకాస్త ఇలాగ తే," అన్నాడు నాన్న, చెయ్యి చాపి.

అమ్మ కదల్లేదు. ఆయన్ని చూస్తూ కూర్చుంది. నాన్న ముందుకు వంగాడు. డ్రమ్ము కిర్రుమంది. భయపడి మళ్లీ నిటారయ్యాడు. చెయ్యి మాత్రం చాపే ఉంచాడు. ఏం జరుగుతోందో తెలియక జనం మాటలు ఆపేశారు. అప్పుడు అమ్మ గొంతు పెంచకుండా, ఎప్పుడూ మాట్లాడే మర్యాదతోనే అంది.

"ఎనకాల బండిలో రండి."

గుర్రాన్ని తిప్పింది. తిరుగుదారిలో పెద్ద నడక కూడా నడిపించలేదు. మామూలు నడకలో, గోల్ బజార్‌లో నాన్న వెనకాల నడిచే నడకలో, తీరిగ్గా గీత వైపు వెళ్లింది.

ముందువరసకి ఆవిడ మాట వినబడలేదు. కానీ గుర్రం మీద అమ్మ వెనకాల ఖాళీ చోటూ, డ్రమ్ము మీద చెయ్యి చాపిన నాన్నా కనబడుతున్నారు. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈసారి నవ్వు మూడు భాషల్లోనూ ఒకేసారి లేచింది. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తారు. నాన్న కూడా నవ్వాడు. నోరు నవ్వుతోంది, కళ్లు అమ్మ వీపు మీద ఉన్నాయి. మైదానం మనిషి పీట పట్టుకుని పరుగెత్తుకొస్తే, "హటో! వస్తాది. ఇంకో తిప్పు తిరిగి వస్తాది," అని కసిరాడు. ఆయన నిజంగానే నమ్మాడు. అన్నేళ్లూ ఆవిడ వస్తూనే ఉంది కదా.

అమ్మ గీత దాటి గుర్రం దిగింది. దాని పొట్టకింద పట్టీ విప్పి జీను దింపించేసింది. నాన్న అది చూశాడు. చాపిన చెయ్యి అప్పుడు కిందికి దిగింది. అమ్మ బకెట్టుతో నీళ్లు తెచ్చి గుర్రానికి పెట్టింది. దుపట్టా ముడి విప్పి బెల్లం తినిపించింది. మెడ నిమిరింది. అటువైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. తర్వాతి ఆట పిల్లలది, డ్రమ్ముల పందెం. వాళ్లు గుర్రాల మీద ఎక్కి కాచుకుని ఉన్నారు. దాదా మైకులో ఎంతో మర్యాదగా, "కాకూ, నేమే ఆసున్," అన్నాడు. బాబాయ్, దిగి రండి అని. నాన్న దిగలేదు. మళ్లీ అన్నాడు. చివరికి ఇద్దరు చంకల కింద చేతులు వేసి, సామాను దించినట్టు దించారు. జారిపడ్డ టోపీ డ్రమ్ము మీదే ఉండిపోయింది. ఒక పిల్ల దాన్ని అక్కడే ఉంచి డ్రమ్ము చుట్టూ తిరిగి వెళ్లింది.

ఆ తర్వాత నాన్న రైలు కథ చెప్పలేదు. చెప్పనిచ్చేవాళ్లు కూడా లేరు. ఆ వీడియో ప్రేమ్ బజార్ నుంచి ఝపటాపూర్ దాకా ప్రతి ఫోన్లోకీ వెళ్లింది. ఆయన టీ కొట్టు దగ్గరికి వెళితే షాపు స్నేహితులు, "ఏటి గురూ, బండొచ్చినాదా?" అని అడిగేవాళ్లు. ఆయన కథలకి ఏళ్ల తరబడి తొడలు చరుచుకున్నవాళ్లే. నెమ్మదిగా టీ ఇంట్లోనే తాగడం అలవాటు చేసుకున్నాడు. నాకు జాలి వేసింది. వేసిందని చెప్పుకోవడానికి చిరాగ్గా ఉంది, కానీ వేసింది. ఒకరోజు వంటింట్లో అమ్మని పట్టుకుని, "ఇంక సరిపోయిందా అమ్మా?" అన్నాను.

అమ్మ చపాతీ తిప్పుతూ, "ఇంకా నేదు," అంది.

ఎండాకాలంలో పలాస వెళ్లాల్సి వచ్చింది. పిన్ని మనవరాలికి ఓణీల ఫంక్షను. మా ముగ్గురికీ ఒకే పెట్టెలో సీట్లు దొరికాయి. సామాను సర్దాక అమ్మ తన ఫోను సీటు మీద పెట్టి, "నీళ్లు తెస్తాను," అని ఒక ఖాళీ సీసాతో దిగింది. ఇంట్లో నింపిన సీసాలు రెండు సంచిలోనే ఉన్నాయి. నాన్న గమనించలేదు. నేను గమనించాను.

బండి కూత వేసింది. నాన్న లేచాడు. మోకాళ్లు పట్టేస్తున్నా తలుపు దగ్గరికి గబగబా వెళ్లాడు. కిటికీలోంచి నాకు ప్లాట్‌ఫారం కనబడుతోంది. అమ్మ కుళాయి దగ్గర లేదు. జనం చాటున, పరుగెత్తకుండా, మా వెనకాల పెట్టెలోకి ఎక్కుతోంది. తలుపు దగ్గర నాన్న చెయ్యి బయటికి చాపి, "ఏమే! ఏమే! బేగి రాయే!" అని ఎవరూ లేని ప్లాట్‌ఫారాన్ని పిలుస్తున్నాడు. బండి వేగం అందుకుంది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి ఆయన పెదవులు తెల్లగా ఉన్నాయి. "మీ యమ్మ ఎక్కినాదేటే? నువ్వు సూసినావా?"

"నేను చూడలేదు," అన్నాను. చెప్పాలనిపించలేదు.

"దాని కాడ డబ్బుల్నేవు. పోను ఇక్కడున్నాది. తాళం నా జేబులోనున్నాది." అన్నీ తనే చెప్పుకున్నాడు. నేను వింటూ కూర్చున్నాను. ఆయన కాసేపు కూర్చుని మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. పక్కన ఖాళీ సీటు ఉన్నా కాళ్లు చాపుకోలేదు. బాలాసోర్ దాకా అలాగే గడిచింది.

బాలాసోర్ దాటాక అమ్మ పెట్టెల మధ్య దారిలోంచి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో నీళ్ల సీసా ఉంది. కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, మూడు కాగితం పళ్లాల్లో పెట్టింది. నాన్న ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎనకాల పెట్టెలో వచ్చినానండి," అంది అమ్మ, పళ్లెం ఆయన చేతికిస్తూ. "తినండి. ఆ పాలి మీరు పెళ్లి బోజనం బాగా తిన్నారట కదా."

నాన్న తినలేదు. అమ్మా నేనూ తిన్నాం.